దిగుడుబావినుండి కొళాయివఱకు: ఇందూరు సీమయందలి త్రాగునీటి రక్షణచరిత్ర

తెలుగుదేశమున వేల్పూరను పేరుగల గ్రామములు ఒకటికంటె నెక్కువ గలవు. గుంటూరు సీమయందలి వేల్పూరు విష్ణుకుండి మాధవవర్మ స్తంభశాసనముచేత చరిత్రకారుల కెఱుకపడినది. తణుకు ప్రాంతమున మఱియొక వేల్పూరు గలదు. ఇచ్చట విచారింపఁబడునది ఈ రెండును గాక, పూర్వము ఇందూరని పిలువఁబడిన నిజామాబాదు మండలమున, ఆర్మూరునకు సమీపమున నున్న వేల్పూరు. ఈ మండలమునకు నదులు కొఱత గావు. ఉత్తరమున గోదావరి, పశ్చిమమున మంజీర ప్రవహించును. ఈ రెండును హరిద్రతోఁ గూడి కందకుర్తియొద్ద సంగమించును. అయినను నదికి దూరముగానున్న వేల్పూరువంటి గ్రామములకు ఏటినీరు చిరకాలము అందని ద్రాక్షయే. పసుపునకును ఎఱ్ఱజొన్నకును పేరుగన్న ఈ నేలక్రింద నున్నది కఠినశిల. వానలో కొంతభాగము ఆ రాతి నెఱియలలోని కింకి నిలుచును. బావికైనను, తరువాత వచ్చిన గొట్టపుబావికైనను అదియే ఆధారము. కాఁబట్టి ఇచ్చటి జనులకు నీరు దొరకుట యెంత ప్రశ్నయో, దొరకిన నీరు త్రాగఁదగినదా యనుటయు నంత ప్రశ్నయే యయ్యెను.

తెలుగు పల్లెలలో నీటికిఁ గల పేర్లే యొక చిన్న శాస్త్రము. త్రాగుట కనువైనది మంచినీరు. పాత్రలు తోముటకును పశువులకును వినియోగించునది వాడుకనీరు. నాలుకకు రుచింపనిది చవుటినీరు, ఉప్పునీరు. ఎంత తేటగానున్నను త్రాగఁదగని నీటిని ఎవరును మంచినీరనరు. ఒకే యూరిలో మంచినీళ్ళబావి వేఱు, ఉప్పునీళ్ళబావి వేఱు. అయితే ఆ మంచితనమును నిర్ణయించు నధికారి యెవరు? మొదట నాలుకయు కన్నును నిర్ణయించెను. పిమ్మట ఆచారము నిర్ణయించెను. ఆ తరువాత సూక్ష్మదర్శినియు, తుదకు రసాయనశాలయు న్యాయాసనమెక్కెను. ఒక్కొక్కరి తీర్పు మునుపటివారి తీర్పును కొంత నిలిపినది, కొంత కొట్టివేసినది. ఈ తీర్పుల పరంపరయే త్రాగునీటి రక్షణచరిత్ర.

ప్రాచీనులు ఈ విషయమున ఉదాసీనులు కారు. కౌటిలీయ మర్థశాస్త్రము పుణ్యస్థానములందును, నీటితావులందును, దేవగృహములందును, రాజగృహములందును మలవిసర్జనము చేసినవారికి పణము మొదలుకొని యెక్కుడగు దండనము విధించినది. ఔషధసేవచేతనో, వ్యాధిచేతనో, భయముచేతనో అట్లు జరిగినచో దండనము లేదనియుఁ జెప్పినది. అపరాధమును, అశక్తతను వేఱుచేసి చూచిన ఈ వివేకము గమనింపఁదగినది. మనుస్మృతియు నీటియందు మలమూత్రములను, ఉమ్మిని, రక్తమును, విషమును వేయరాదని నిషేధించినది. ఈ రెండింటియందును కనఁబడు సూత్ర మొక్కటే: నీటిని శుద్ధిచేయుటకంటె ముందుగా దాని మూలమును కాపాడవలెను.

చెడిన నీటిని బాగుచేయు విధానమును సుశ్రుతసంహిత విపులముగాఁ జెప్పినది. కాచుట, ఎండలో నుంచుట, ఎఱ్ఱగాఁ గాల్చిన యినుపముద్దను గాని యిసుకను గాని నీట ముంచుట అందలి యుపాయములు. మడ్డినీటిని తేర్చుటకు కతకము, గోమేదకము, తామరదుంప, నాచువేరు, వస్త్రము, ముత్యము, మణి యను నేడింటిని ఆ గ్రంథము పేర్కొన్నది. కతకమనఁగా తెలుగువారి చిల్లగింజ. ఈ గింజను కుండలోపల గరుకురాతివలె అరగఁదీసి నీరు పోసినచో, నీటియందలి మట్టిరేణువులు ఒండొంటి నంటుకొని బరువెక్కి అడుగునకు దిగును. గింజయందలి మాంసకృత్తులును, పిండిపదార్థమునకు సంబంధించిన జిగురును ఈ కార్యమును చేయునని ఆధునిక పరిశోధకులు నిరూపించిరి. నేఁటి నీటిశాలలలో పటిక చేయుపని యిదియే. మట్టితోపాటు సూక్ష్మజీవులలో కొంతభాగము అడుగునకుఁ జేరును గాని, యన్నియు నశింపవు. తేటనీరు నిర్దోషమైన నీరు కాదనుటకు ఇది తొలి తార్కాణము.

వరాహమిహిరుని బృహత్సంహితయందలి దకార్గళాధ్యాయము ఏ చెట్టునకు ఏ దిక్కున, ఎన్ని పురుషప్రమాణముల లోఁతున నీరు పడునో చెప్పునట్టిది. పుట్టలును చెట్లును గుఱుతులుగా భూగర్భజలమును వెదకు పద్ధతి యిది. ఆ యధ్యాయాంతమున కలుషమై, చేఁదై, ఉప్పనై, దుర్గంధమైన బావినీటికి ఒక చూర్ణయోగము చెప్పఁబడినది. అంజనము, తుంగముస్తలు, వట్టివేళ్ళు, నేతిబీర, ఉసిరిక, చిల్లగింజ అందలి ద్రవ్యములు. బావిని త్రవ్వుటతో పని ముగియదనియు, దాని నీటిగుణమును కనిపెట్టియుండవలెననియు నాఁటివా రెఱుఁగుదురు.

ఇందూరు సీమ కళ్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండినది. ఆ వంశమువాఁడైన మూఁడవ సోమేశ్వరుఁడు రచించిన మానసోల్లాసమున పానీయభోగమను ప్రకరణమే గలదు. రాజు త్రాగు నీరు ఎట్టిదిగా నుండవలెను, దానిని ఎట్లు వాసింపఁజేయవలెను అనునది అందలి విషయము. అంతకు పూర్వము బోధను పోదననగరమను పేరఁ బ్రసిద్ధికెక్కియున్నప్పుడు, వేములవాడ చాళుక్యుఁడైన యుద్ధమల్లుఁడు అచ్చట తైలముతో నింపిన వాపియందు ఏనుఁగులను స్నానము చేయించెనని ఆ వంశప్రశస్తి వర్ణించును. ప్రశస్తులయందలి యతిశయోక్తిని త్రోసివేసినను ఒక సత్యము మిగులును. రాజుల నీరు గ్రంథముల కెక్కినది. రాజులబావి శాసనముల కెక్కినది. వేల్పూరువంటి పల్లెయందలి యాఁడుది కడవతో తెచ్చుకొన్న నీరు ఎందును చేరలేదు. దానిని వెదకవలెనన్నచో చెఱువుకట్టలవైపును, వాడుకమాటలవైపును చూడవలెను.

చెఱువు సప్తసంతానములలో నొకటి. కాకతి గణపతిదేవుని సోదరియగు మైలాంబ త్రవ్వించిన ధర్మకీర్తిసముద్రము, అనఁగా బయ్యారము చెఱువు, తన శాసనముచేత కాకతీయ వంశవృక్షమునే చరిత్రకారులకు చేకూర్చినది. కడపమండలమందలి పోరుమామిళ్ళ శాసనము (1369) చెఱువునకు పండ్రెండంగములను, ఆఱు దోషములను లెక్కించినది. విజయనగర రాజకుమారుఁడైన భాస్కరుఁడు వేయిమంది కూలీలతో, నూఱు బండ్లతో రెండేండ్లలో ఆ చెఱువును ముగించినట్లు అందే కలదు. ఆ యంగములలో తియ్యని నీరుగల నది యొకటి. ఆ దోషములలో చవిటినేల యొకటి. అనఁగా ఎంత నీరు నిలుచు ననుటతోపాటు ఎట్టి నీరు నిలుచు ననుటయు తటాకనిర్మాతలు విచారించి రన్నమాట.

అయినను చెఱువు ముఖ్యముగా పైరుకొఱకు. పశువులు దిగునట్టిది, బట్ట లుదుకునట్టిది అగుటచే చెఱువునీటిని నేరుగా త్రాగుట కంటె, కట్టక్రింది బావినీటిని త్రాగుట మేలని పల్లెవారు గ్రహించిరి. చెఱువులోని నీరు మట్టిపొరలగుండ మెల్లఁగా ఊఱి ఆ బావికిఁ జేరును. వాగులు ఎండినప్పుడు ఇసుకలో త్రవ్వు చెలమయు నిట్టిదే. పైన పాఱు నీరు మురికిగానున్నను చెలమలో ఊఱు నీరు తేటగా నుండును. ఇసుక రేణువులపై పేరుకొను సన్నని జీవపుపొర నీటియందలి క్రిములను పట్టియుంచుననియు, తినివేయుననియు పశ్చిమదేశములవారు పందొమ్మిదవ శతాబ్దియందు గుర్తించిరి. 1804లో స్కాట్లండునందలి పెయిస్లీ పట్టణమున జాన్ గిబ్ ఇసుకవడపోతను కట్టెను. 1829లో లండనునందు జేమ్స్ సింప్సన్ దానిని పెద్దయెత్తున నెలకొల్పెను. చెలమ త్రవ్విన చేతికి కారణము తెలియదు గాని, కార్యము తెలియును.

ఇచ్చట నాలుక, కన్ను చెప్పిన తీర్పు ముగిసి, వాని యోటమి మొదలగును. దానికి సాక్ష్యము దిగుడుబావి. తెలంగాణమున దిగుడుబావులు అనేకములు. నేఁడు కామారెడ్డి మండలమునఁ జేరినదియు, పూర్వము నిజామాబాదు మండలములోనిదియు నైన లింగంపేటలో నాగన్నబావి యని ప్రసిద్ధమైన మెట్లబావి యందమునకును నేర్పునకును నిదర్శనము. నీటిమట్టము ఎంత తగ్గినను మెట్లు దిగి చేరుకొనవచ్చును. తాడు, గిలక అక్కఱలేదు. వేసవిలో చల్లదనము. కాని మెట్లు దిగిన కాలు నీటిని తాఁకును. ఆ కాలికి పుండున్నచో ఏమగును?

తెలుగువారు నారికురుపని పిలిచిన వ్యాధి యీ ప్రశ్నకు సమాధానము. తరువాతికాలపు ఆయుర్వేదగ్రంథములు దీనిని స్నాయుకమన్నవి. మూరెడునకు మించిన పొడవుగల దారమువంటి పురుగు కాలిలో పొక్కు పుట్టించి వెలికి వచ్చును. మంట చల్లార్చుకొనుటకు రోగి కాలిని నీటిలో పెట్టినప్పుడు, ఆ పురుగు వేలకొలఁది పిల్లలను నీటిలోనికి విడుచును. వానిని కంటి కానీకానని నీటిపురుగు మ్రింగును. ఆ నీటిని త్రాగినవారికి ఇంచుమించు ఏఁడాదికి అదే వ్యాధి వచ్చును. ఈ చక్రమును రష్యాదేశపు శాస్త్రజ్ఞుఁడు ఫెద్చెంకో 1870లో కనిపెట్టెను. విత్తుటకు కోయుటకు నడుమ ఏఁడాది గడచుటచేతనే, నీటికిని నారికురుపునకును గల సంబంధమును సామాన్యుఁడు ఊహింప లేకపోయెను. పురుగు వెడలు కాలము పొలముపనుల కాలముతోఁ గలిసినప్పుడు, వ్యవసాయకుఁడు నెలలకొలఁది మంచము పట్టుచుండెను.

భారతదేశమున ఈ వ్యాధిని నిర్మూలించు కార్యక్రమము 1980 తరువాత మొదలయ్యెను. అప్పటి ఆంధ్రప్రదేశము వ్యాధిగ్రస్తములైన రాష్ట్రములలో నొకటి. దీనికి టీకాలేదు, మందులేదు. చేసినపని యంతయు నీటిమూలమునకు సంబంధించినదే. దిగుడుబావుల మెట్లు మూసి, చుట్టు ఒరగట్టి చేఁదబావులుగా మార్చిరి. త్రాగునీటిని మడతపెట్టిన బట్టతో వడగట్టవలెనని యింటింట బోధించిరి. నీటిపురుగును చంపు మందును మితముగా బావులలోఁ గలిపిరి. చేతిపంపులు వేసిరి. 1996 జూలైలో రాజస్థానమున దేశమందలి కడపటి రోగి కనఁబడెను. 2000లో ప్రపంచారోగ్యసంస్థ భారతదేశమును ఈ వ్యాధినుండి విముక్తమని ప్రకటించెను. ఒక వ్యాధిని ఔషధముతోఁ గాక, బావి యాకారమును మార్చియు ఒక బట్టముక్కతోను దేశమునుండి వెడలఁగొట్టుట వైద్యచరిత్రయందు అరుదైన విషయము. వడగట్టని నీరు త్రాగరాదన్న పూర్వుల నియమమునకు, అప్పటికి కారణముకూడ దొరకెను.

కంటికిఁ గనఁబడని శత్రువు నారికురుపు పురుగొక్కటియే కాదు. 1854లో లండనునందు జాన్ స్నో యను వైద్యుఁడు ఒక వీధిలోని చేతిపంపుచుట్టు కలరామరణములను లెక్కించి, ఆ పంపుపిడిని తీయించెను. 1884లో జర్మను శాస్త్రజ్ఞుఁడు రాబర్ట్ కాక్ కలకత్తాయందలి యొక చెఱువునీటిలో కలరాక్రిమిని కనుఁగొనెను. ఆ చెఱువునీటినే జనులు స్నానమునకును, బట్టలకును, పానమునకును వాడుచుండిరి. 1892లో జర్మనీయందు ఎల్బ్ నదీతీరమున ప్రక్కప్రక్కనున్న రెండు పట్టణములలో, నీటిని వడపోయని హాంబర్గు కలరాపాలయ్యెను. ఇసుకలో వడపోసిన ఆల్టోనా తప్పించుకొనెను. వీధి కీవల నొకరికి చావు, ఆవల నొకరికి బ్రతుకు. నడుమ నున్నది ఇసుకపొర మాత్రమే. ఇది సూక్ష్మదర్శిని చెప్పిన తీర్పు.

ఈ తీర్పు మడియను ఆచారమును చిక్కులఁ బెట్టెను. మడినీరు ఎవరు తెచ్చిరన్నదానిని చూచును. శుద్ధజలము నీటిలో నేమున్నదో చూచును. ఈ రెండును ఒక్కటి కావు. మడిబట్టతో తెచ్చిన నీటిలోను కలరాక్రిమి యుండవచ్చును. మాలమాదిగలు ముట్టరాదన్న బావి నిర్మలముగా నుండవలెనను నియమమును లేదు. పల్లెలలో ఊరిబావియొకటి, వాడబావియొకటిగా నుండినంతకాలము, ఊరిబావిని కాపాడినవారు వాడబావిని పట్టించుకొనలేదు. కాని భూగర్భజలమునకు వాడ, ఊరు అను నెల్లలు లేవు. 1927లో మహాడుపట్టణమున అంబేద్కరు వేలజనముతో చవదారు చెఱువునకుఁ బోయి నీరు త్రాగినప్పుడు, అడిగినది హక్కు. ఆ హక్కునకు ఆరోగ్యశాస్త్రమును సాక్షియే. ఒక్కవాడకు అందని మంచినీరు ఊరికంతటికిని మంచినీరు కాఁజాలదు.

నైజాము రాష్ట్రమున నీటివిషయమైన నూతనయుగము ఒక విపత్తుతో మొదలయ్యెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. విశ్వేశ్వరయ్య సలహాపై వఱదను నిలుపుటకును, నగరమునకు త్రాగునీ రిచ్చుటకును ఉస్మానుసాగరము (1920), హిమాయతుసాగరము (1927) కట్టఁబడెను. ఆ మూసీవఱదకు రెండే రెండు దినములు ముందు, 1908 సెప్టెంబరు 26న, అమెరికాలోని జెర్సీనగరమునకుఁ బోవు నీటిలో జాన్ లీల్ అను వైద్యుఁడు హరితవాయువు లవణమును కలుపుట ప్రారంభించెను. ఒక నగరపు నీటిని ఎడతెగకుండ క్లోరినుతో శుద్ధిచేయుట ఆ దేశమున కదియే తొలిసారి. ఒకేవారమున జరిగిన ఈ రెండు సంఘటనలు త్రాగునీటి రక్షణకుఁ గల రెండు మార్గములను సూచించుచున్నవి. ఒకటి, నీరు పుట్టుచోటును కాపాడి నిలువచేయుట. రెండవది, నీరు చేరుచోట దానిని శుద్ధిచేయుట. తరువాతి శతాబ్దమంతయు ఈ రెంటిలో రెండవదానివైపే మొగ్గినది.

ఇందూరు సీమకు ఈ నూతనయుగము మంజీరమీఁదుగా వచ్చెను. నవాబు అలీనవాజుజంగు పర్యవేక్షణమున 1923లో మొదలిడి 1931లో ముగిసిన నిజాంసాగరము మెట్టనేలను మాగాణిగా మార్చెను. నిజామాబాదు పట్టణమునకు సమీపమున అలీసాగరము 1930 ప్రాంతమునఁ గట్టఁబడి, తరువాత పట్టణపు త్రాగునీటికి ఆధారములలో నొకటి యయ్యెను. కాలువనీటితో చెఱకు వచ్చెను. చెఱకుతో 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. 2015లో మూఁతపడువఱకు అది ఆ ప్రాంతపు బ్రతుకుతెరువును శాసించెను. చెఱకు, వరి, పసుపు, మూఁడును నీటిని మెండుగాఁ గోరు పైర్లు. కాలువ యందనిచోట ఆ నీటిని భూగర్భమునుండి తోడవలెను. ఎరువుగా వేసిన నత్రజనిలో పైరు గ్రహింపని భాగము నైట్రేటుగా మాఱి, పాఱుదల నీటితో క్రిందికి దిగి బావులను చేరును. ఊరిలోని మరుగుగుంటలును, పశువుల పెంటలును చేయుపని యిదియే. భారతప్రమాణము లీటరునకు 45 మిల్లీగ్రాముల నైట్రేటును మించరాదన్నది. అది మించిన నీరు పాలుత్రాగు పసికందుల రక్తమున ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. ఈ దోషమునకు రంగులేదు, వాసనలేదు, రుచిలేదు. కాచినచో తగ్గుటకు మాఱుగా, నీరు ఇగిరినకొలఁది చిక్కనగును. కాచిన నీరు మంచినీరన్న సుశ్రుతుని సూత్రమునకు ఇది కొత్త యపవాదము.

చక్కెర కర్మాగారము వెలసిన 1937 సంవత్సరమందే నాఁటి నెల్లూరు మండలమునుండి మఱియొక వార్త వెలువడెను. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో పండ్లు మచ్చలుపడి, వెన్నెముక బిగిసి, కీళ్ళు వంగని మనుష్యులు, నడవలేని పశువులు ఉండుటను గిండీయందలి కింగు సంస్థకుఁ జెందిన షార్టును, అతని సహచరులును పరీక్షించిరి. కారణము బావినీటియందలి ఫ్లోరైడని తేల్చిరి. ఇండియాలో ఈ వ్యాధిని గుర్తించిన తొలి పరిశోధనము లివి. పిమ్మట నల్లగొండ సీమ ఈ వ్యాధికి పర్యాయపద మయ్యెను. నాగపురమందలి జాతీయ పర్యావరణ సంస్థ 1970 తరువాత కనుఁగొన్న శుద్ధిపద్ధతికి నల్లగొండ పద్ధతియనియే పేరు. నీటిలో సున్నమును, పటికను, బ్లీచింగు పొడిని లెక్కప్రకారము కలిపి, కలియఁద్రిప్పి, తేర్చుట దాని సారము. పటికయొక్క మడ్డితో ఫ్లోరైడు అడుగునకు దిగును. చిల్లగింజ చేసినపనికి ఇది దూరపుబంధువు. పద్ధతి చౌకయైనను, ప్రతిదినము తూచి కలుపువారు కావలెను. మిగిలిన మడ్డిని పాఱవేయుచోటు కావలెను. పల్లెలలో పరికరము లున్నను పనిచేయువారు లేనిచో శాస్త్రము గోడమీఁది బొమ్మయే.

ఇచ్చట చరిత్రయందలి వైపరీత్యము స్పష్టపడును. నారికురుపునుండి తప్పించుటకు దిగుడుబావిని మూసి గొట్టపుబావిని వేసిరి. గొట్టపుబావి లోఁతైనకొలఁది క్రిమి తగ్గెను. కాని కఠినశిలలో చిరకాలము నిలిచిన నీరు ఆ శిలయందలి ఫ్లోరైడును కరిగించుకొనును. పైనుండి కాలుతెచ్చిన కీడు పోయి, క్రిందినుండి రాయితెచ్చిన కీడు వచ్చెను. దిగుడుబావిని మూసినవారి తప్పు లేదు. వారు తమకాలపు కీడును సరిగానే గుర్తించిరి. ప్రతి పరిష్కారమును తనవెంట నొక కొత్త ప్రశ్నను తెచ్చుననియు, దానిని కనిపెట్టుటకు ఎడతెగని పరీక్ష యవసరమనియు దీని తాత్పర్యము.

నీటిమూలమును శాసనముచే రక్షించు ప్రయత్నమునకు తెలుగుదేశమున ముఖ్యమైన యుదాహరణము 1996 మార్చి 8నాఁటి 111వ ప్రభుత్వోత్తరువు. ఉస్మానుసాగర, హిమాయతుసాగరములకు చుట్టు పది కిలోమీటర్లమేర 84 గ్రామములలో కాలుష్యము కలుగఁజేయు పరిశ్రమలను, పెద్ద కట్టడములను అది నిషేధించెను. హుస్సేనుసాగర మొకప్పుడు త్రాగునీటి తటాకమై, మురుగుచేతను పరిశ్రమల వ్యర్థములచేతను చెడిపోయిన తీరు కన్నులయెదుటనే యుండెను. ఆ పరిధిలో నూనె పరిశ్రమను కట్టఁబోయిన వివాదము సర్వోన్నత న్యాయస్థానమునకుఁ బోయెను. 1999లోను, 2000 డిసెంబరులోను న్యాయస్థానము ముందుజాగ్రత్త సూత్రము నాశ్రయించి తీర్పుచెప్పెను. కీడు జరిగిన పిదప నిరూపించు భారము జనులది కాదనియు, కీడు జరుగదని నిరూపింపవలసిన భారము పరిశ్రమదే యనియు ఆ తీర్పుల సారము. భూగర్భశాస్త్రజ్ఞుల నివేదికలు న్యాయాసనమున సాక్ష్యములుగా నిలిచెను. ఆ ఉత్తరువును జారీచేసిన 26 ఏండ్లకు, 2022 ఏప్రిలులో 69వ ఉత్తరువు ఆ నిర్బంధములను తొలగించెను. నగరము కృష్ణా, గోదావరీ జలములు త్రాగుచున్నది గనుక ఈ తటాకములపై ఆధారపడుట తగ్గినదని వాదము. దూరపునీరు వచ్చినచో దగ్గఱనీటి విలువ తగ్గునని యీ వాదమునందుఁ గల భావము. పల్లెలయందును దీని ప్రతిధ్వని వినఁబడును.

2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షముల చట్టము పల్లెబావిని తలంచినది. ప్రజల త్రాగునీటి మూలమునకు 250 మీటర్లలోపల క్రొత్తబావి త్రవ్వరాదని అది శాసించెను. కౌటిలీయమున నీటితావునకుఁ గల గౌరవమునకు ఇది నేఁటికాలపు రూపము. శాసనము పుస్తకమున నుండుట యొకటి, బోరుబండి వచ్చిన రాత్రి దానిని అడ్డుకొను మనుష్యుఁడుండుట యొకటి.

వేల్పూరు ఈ చరిత్రయందు రెండుమాఱులు తలచుకొనఁదగినది. 2001లో అశోక్ కుమారు నిజామాబాదు కలెక్టరుగానున్న కాలమున, వేల్పూరు మండలములోని బాలురు బాలికలందఱును పనిమాని బడికిఁ బోవునట్లు గ్రామస్థులే ప్రతినపట్టిరి. ఆ యధికారియే తరువాత జాతీయ జలసంస్థకు అధిపతియై, వాన పడినచోటనే పడినప్పుడే పట్టి నిలుపవలెనను దేశవ్యాప్త ప్రచారమును నడపెను. బడికి, నీటికి సంబంధము లేదనుకొనరాదు. తెలుగుపల్లెలలో నీటికడవ తల్లిదైనప్పుడు బడి కూఁతురిది. తల్లి పొలమునకుఁ బోయినప్పుడు కడవ కూఁతురిది, బడి యెవరిదియుఁ గాదు. ఇఁక 2016లో మొదలైన భగీరథ పథకము గోదావరీ కృష్ణాజలములను శుద్ధిచేసి గొట్టములద్వారా తెలంగాణమందలి యిండ్లకుఁ జేర్చునట్టిది. ఆ కార్యమును నడపు సంస్థకు ఉపాధ్యక్షుఁడుగా నుండిన వేముల ప్రశాంతరెడ్డి వేల్పూరు గ్రామమువాఁడే. ఈ సీమకు ఆ నీరు 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు, అనఁగా శ్రీరామసాగర జలాశయమునుండి వచ్చుచున్నది. అంతకు ముందటి యేఁడు, 2015 మార్చి 12న, నాఁటి నిజామాబాదు మండలమందలి సదాశివనగరమున చెఱువుల పూడికతీయు కాకతీయ పథకము ప్రారంభింపఁబడెను.

నదికి దూరమైన పల్లెకు నది తానే వచ్చుట సామాన్యమైన కార్యము కాదు. ఫ్లోరైడునకును, నైట్రేటునకును, క్రిమికిని ఒక్కపెట్టున దొరకిన సమాధాన మిది. కాని ఇందలి చిక్కును తలంపవలెను. ఊరికొక బావి యున్నప్పుడు ఒక బావి చెడినచో ఒక యూరు మాత్రము కష్టపడును. ఒకే జలాశయమునుండి వందలయూళ్ళు త్రాగునప్పుడు ఆ జలాశయమునకు వచ్చిన చేటు అందఱిదియు నగును. శ్రీరామసాగరమునకుఁ జేరు గోదావరి నాసికనుండి పట్టణములను, చెఱకుతోఁటలను, కర్మాగారములను దాఁటి వచ్చునది. చక్కెరపరిశ్రమ వ్యర్థజలము నదిలోఁ గలిసినచో, అందలి సేంద్రియపదార్థము కుళ్ళుటకు నీటియందలి ప్రాణవాయువును వినియోగించుకొనును, చేఁపలు చచ్చును, శుద్ధిశాలకు పని పెరుగును. గొట్టము చివరి కొళాయియందు లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని ప్రమాణము. అది క్రిములకు కావలికాయును గాని, నదిలో కలిసిన ప్రతి విషమునకును ఉత్తరువాది కాఁజాలదు.

మఱియొక నష్టము నిశ్శబ్దమైనది. కొళాయి వచ్చిన పిదప ఊరిబావి అనాథ యగును. ఒర కూలును, చెత్త పడును, కొన్నిచోట్ల మురుగునీరే అందులోనికి మళ్ళింపఁబడును. బావి భూగర్భమునకు తెఱచిన ద్వారము గనుక, అందులోఁ బడిన మలినము ఊరి నీటినంతయు చేరును. గొట్టము పగిలిన దినమున, విద్యుత్తు నిలిచిన దినమున, జనులు మరల పోవునది ఆ బావికే, ఆ గొట్టపుబావికే. అప్పటికి అది మంచినీరు కాదు. ఊరినీటిని కాపాడు అలవాటుకూడ అంతకుముందే పోయి యుండును. నదినీరు నిత్యజీవనమునకు, బావి ఆపద్ధర్మమునకు అని రెంటిని నిలుపుకొన్న గ్రామమే తెలివిగలది.

నాలుక, ఆచారము, సూక్ష్మదర్శిని, రసాయనశాల యను నలుగురు న్యాయాధికారులలో ఏ యొక్కరి తీర్పును సంపూర్ణము కాదని ఈ చరిత్ర చూపినది. చెలమ త్రవ్విన చేయి చెప్పినదానిని ఆల్టోనా సత్యమనెను. సుశ్రుతుఁడు చెప్పినదానిని నైట్రేటు సవరించెను. కౌటిల్యుఁడు చెప్పినదానిని మాత్రము ఎవరును కొట్టివేయలేకపోయిరి. నీటితావును మలినము చేయరాదను నాతని నియమము చేఁదబావికిని, కొళాయికిని, గోదావరికిని సమానముగా వర్తించును. పల్లెబడులలో పిల్లలకు చెఱువు సప్తసంతానములలో నొకటి యని చెప్పునప్పుడు, ఆ సంతానమును కనుటయే కాక పెంచుటయు నున్నదని చెప్పవలసి యున్నది. వానకాలము తరువాత నొకమాఱు, వేసవికి ముందొకమాఱు తమయూరి బావినీటిని పరీక్షకుఁ బంపి, ఫలితమును పంచాయితీ గోడమీఁద వ్రాసిన యూరు, తన శాసనమును తానే చెక్కుకొన్న యూరగును. అట్టి శాసనమున రాజుపేరు ఉండదు; ఆ యేఁటి నీరు ఎట్టిదో ఉండును.